ఉగ్రస్తంభం దిగేటప్పుడు

అహోబిలానికి వచ్చేవాళ్లలో చాలామంది దిగువన ప్రహ్లాద వరదుణ్ణి, ఎగువన గుహలో వెలసిన స్వామిని దర్శించుకుని సాయంత్రానికల్లా ఆళ్లగడ్డ బస్సెక్కేస్తారు. ఈ కొండల్లో తొమ్మిది చోట్ల వెలసిన నరసింహమూర్తులను, అంటే నవనారసింహులందరినీ, చూడాలంటే మాత్రం రాత్రి ఉండాల్సిందే. ఇక ఉగ్రస్తంభం ఎక్కాలంటే దారి తెలిసిన మనిషి తోడు లేకుండా కుదరదు. నల్లమలలో నిలువునా చీలినట్టు కనిపించే ఆ కొండకొమ్ము నుంచే స్వామి బయటికొచ్చాడని భక్తుల నమ్మకం. కింద నుంచి తలెత్తి చూస్తే, అక్కడికి మనుషులు నిజంగా ఎక్కుతారా అనిపిస్తుంది.

నేను ఎక్కుదామని వెళ్లలేదు. అమ్మ మొక్కు తీర్చడానికి వెళ్లాను. మోకాళ్ల నొప్పులతో ఆవిడ రాలేకపోయింది. అప్పట్లో నా మనసేమీ బాగోలేదు. బ్యాంకులో ప్రమోషన్ వచ్చింది, దాంతోపాటు వేరే రాష్ట్రానికి బదిలీ. ఒప్పుకోవాలో వద్దో తేల్చుకోలేక అన్నయ్యను అడిగాను, తోటి ఉద్యోగులను అడిగాను, జాతకాలు చూసే ఆయన్నీ అడిగాను. ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. అర్ధరాత్రి మెలకువ వస్తే ఇక నిద్ర పట్టేది కాదు. నేను వెళ్లిపోతే అమ్మను ఎవరు చూస్తారు, పిల్లాడి చదువేం కాను, భాష రాని చోట ఆఫీసు ఎలా నడపాలి, ఇదే టెన్షన్. "స్వామికి చెప్పుకో, ఆయనే చూసుకుంటాడు" అనేది అమ్మ. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. చేతకానివాళ్లు చెప్పుకునే మాటలా వినిపించేది.

కార్తీకం కావడంతో ఎగువ అహోబిలంలో జనం బాగానే ఉన్నారు. దిగువ నుంచి ఎగువకు ఎనిమిది కిలోమీటర్లు, బస్సులున్నాయి. గరుడాద్రి, వేదాద్రి కొండల మధ్య నుంచి భవనాశిని పారుతుంది. వానలు పడి ఎన్నాళ్లో కాలేదు కాబట్టి బండల మధ్య నీళ్లు హోరుమంటున్నాయి. విష్ణుభక్తుడైన తమిళ కవి తిరుమంగై ఆళ్వార్ ఈ క్షేత్రాన్ని పాడుతూ, దేవుడికి తప్ప ఇంకెవరికీ చేరరాని చోటు అన్నాడు. ఆళ్వార్లు పాడిన 108 విష్ణుక్షేత్రాల్లో, అంటే దివ్యదేశాల్లో, ఈ మాట అనిపించుకున్న చోటు ఇది. ఇప్పుడు మెట్లు కట్టారు, వంతెనలు వేశారు. అయినా గుడి వెనక అడవిని చూస్తే ఆళ్వారు మాటలో అతిశయోక్తి లేదనిపిస్తుంది.

దర్శనమయ్యాక మండపంలో కూర్చుంటే పక్కన ఒక పెద్దాయన పలకరించారు. తిరునామం, పంచెకట్టు, చేతిలో చిన్న సంచి. ఏటా వస్తారట. మాటల్లో అమ్మ చెప్పే మాట ఆయన ముందుంచాను, కాస్త విసురుగానే. ఆయన నొచ్చుకోలేదు.

"ఆయనే చూసుకుంటాడంటే చేతులు ముడుచుకు కూర్చోమని కాదమ్మా. శరణాగతికి, అంటే దేవుణ్ణి శరణు వేడడానికి, ఆరు అంగాలు చెప్పారు పెద్దలు. ఆయనకు నచ్చిన పని చేస్తాననే సంకల్పం మొదటిది. నచ్చనిది మానేయడం రెండోది. ఆ తర్వాతే, ఆయన కాపాడతాడన్న విశ్వాసం. కాపాడమని నోరు తెరిచి అడగడం ఇంకోటి. నా వల్ల కావడం లేదని ఒప్పుకోవడం, నన్ను నేను ఆయన చేతుల్లో పెట్టేయడం, ఇవి రెండూ కలిపితే ఆరు."

వీటిలో రెండు నన్ను గట్టిగా పట్టుకున్నాయి. నమ్మకం కంటే ముందు పని ఉందన్నది ఒకటి. అడగడాన్ని ప్రత్యేకంగా ఒక అంగంగా పెట్టారన్నది రెండోది. అన్నీ తెలిసినవాడికి మళ్లీ మనం అడగడం దేనికి అనుకుంటాం కదా. అడగాలనే పెట్టారు.

ఆయనే అహోబిల మఠం కథ కూడా చెప్పారు. మేల్కోటలో పుట్టి కంచిలో చదువుకున్న ఒక కుర్రాడికి స్వామి కలలో కనపడి అహోబిలం రమ్మన్నాడట. ఇరవై ఏళ్లు నిండీ నిండని వయసు. ఎందుకు రమ్మన్నాడో తెలియదు, దారంతా అడవి. వచ్చాడు. స్వామే యతి రూపంలో సన్యాసం ఇచ్చాడని సంప్రదాయం చెబుతుంది. తొమ్మిది మూర్తుల్లో తన వెంట ఎవరిని తీసుకెళ్లాలని అడిగితే, మాలోల నరసింహుడి ఉత్సవమూర్తి తనంతట తానే ఆయన చేతుల్లోకి వచ్చిందట. 1398 ప్రాంతంలో మఠానికి మొదటి జీయరైన, అంటే మఠాధిపతి అయిన, ఆదివన్ శఠకోప యతి ఆయనే. ఆ మూర్తి ఈనాటికీ జీయర్ల వెంట ఊరూరా తిరుగుతూనే ఉంది. అన్నమయ్య కూడా ఈ యతి దగ్గరే వేదాంతం చదువుకున్నాడని చెబుతారు. వెళ్లాక ఏమవుతుందో ఒక్క ముక్క తెలియకుండా బయలుదేరిన ఆ కుర్రాడి గురించి ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను.

మర్నాడు తెల్లవారుజామునే బయలుదేరాం. నాకు తోడొచ్చిన కుర్రాడు చెంచు పిల్లాడు. చెంచులక్ష్మిని పెళ్లాడిన నరసింహస్వామి చెంచులకు అల్లుడు. ఏటా సంక్రాంతి తర్వాత పార్వేట ఉత్సవంలో స్వామి నలభై రోజులకు పైగా ఈ చుట్టుపక్కల ఊళ్లలో తిరుగుతాడు. ఆ కుర్రాడు స్వామి గురించి మాట్లాడుతుంటే పక్కింటి మనిషి గురించి చెప్పినట్టే ఉంది. చెప్పులు లేవు. నా చేతికి ఒక కర్ర ఇచ్చాడు.

దారంతా కోతులే. ఒక తల్లికోతి బండ మీద నుంచి బండ మీదికి దూకుతుంటే దాని పొట్టకు కరుచుకున్న పిల్లను దగ్గరగా చూశాను. చిన్న చిన్న వేళ్లు, తల్లి బొచ్చును పిడికిళ్లతో బిగించి పట్టుకున్నాయి. ముందురోజు పెద్దాయన ఈ ఉదాహరణే చెప్పారు. కోతిపిల్ల తల్లిని తనే పట్టుకుంటుంది, పిల్లిపిల్లను తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. శ్రీవైష్ణవుల్లో రెండు శాఖలు. వడగలై వాళ్లు మొదటిదాన్ని చెబుతారు, తెంగలై వాళ్లు రెండోదాన్ని. ఈ మఠం వడగలైది. పట్టుకోవడం మన వంతు, దాటించడం తల్లి వంతు. నాకు ఇదే నచ్చింది. పట్టు వదలడం నా స్వభావంలోనే లేదు.

జ్వాలా నరసింహుడి దగ్గరికి వెళ్లేటప్పుడు కొండ అంచు మీద నుంచి నీళ్లు పడుతుంటాయి, వాటి కిందుగా నడవాలి. పూర్తిగా తడిసిపోయాం. రక్తకుండంలో నీళ్లు ఎర్రగా కనిపించాయి, దోసిట్లోకి తీసుకుంటే తేటగా ఉన్నాయి. హిరణ్యకశిపుణ్ణి చీల్చాక స్వామి చేతులు కడుక్కున్న చోటంటారు. ఆ ఉగ్రరూపం దగ్గరికి వెళ్లడానికి దేవతలు జంకారు, లక్ష్మీదేవి కూడా జంకింది. ప్రహ్లాదుడు మామూలుగా నడుచుకుంటూ వెళ్లాడు. ఆ పిల్లవాడు ధైర్యం కూడగట్టుకున్నట్టు కథలో ఎక్కడా లేదు. తనవాడి దగ్గరికి వెళ్లడానికి ధైర్యం దేనికి?

"పైకి ఎక్కుతావా అక్కా?" అన్నాడు కుర్రాడు. ఎందుకో తెలియదు, సరే అన్నాను.

ఎక్కడం కష్టమే కానీ భయం వేయలేదు. కళ్ల ముందు బండ కనిపిస్తుంది, వేరు కనిపిస్తుంది, పట్టుకుంటాం, లాక్కుంటాం. కోతిపిల్ల పద్ధతి బాగానే పనిచేసింది. పైన నిలబడే చోటు కొంచెమే. జెండా గాలికి టపటపా కొట్టుకుంటోంది. స్వామి పాదాలకు మొక్కి, మొక్కు చెల్లించి, అమ్మ పేరు చెప్పి కుంకుమ పొట్లం కట్టుకున్నాను. చుట్టూ కనుచూపు మేరంతా అడవి.

దిగేటప్పుడు అసలు సంగతి మొదలైంది. ఒకచోట బండకు ఎదురు తిరిగి, పొట్ట ఆనించి, కాలు కిందికి జార్చాలి. ఆ కాలు ఎక్కడ పడుతుందో మనకు కనిపించదు. ఎక్కేటప్పుడు అక్కడే ఎలా ఎక్కానో నాకు గుర్తే లేదు. చేతులు పైనున్న రాతి అంచును పట్టుకున్నాయి, ఒక కాలు గాల్లో ఉంది. పిక్కలు వణకడం మొదలైంది. తల లోపల రాత్రిళ్లు వినిపించే గోలే మళ్లీ. జారితే? కాలు విరిగితే? ఇంత దూరం మోసుకెళ్లేదెవరు? అమ్మకు ఎవరు చెబుతారు?

కుర్రాడు అప్పటికే కింద నిలబడ్డాడు. "కాలు దించక్కా" అన్నాడు.

"ఎక్కడ పెట్టాలి తమ్ముడూ? నాకేం కనపడటం లేదు."

"నీకు కనపడదులే అక్కా. నాకు కనపడతాంది గదా. దించు."

ఇంకా ఎంతసేపు అలాగే ఉన్నానో. అంచును పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. అంత గట్టిగా పట్టుకోవడం వల్లే కాలు కిందికి అందడం లేదని అప్పుడు అర్థమైంది. చేతులు సడలిస్తే తప్ప ఒళ్లు కిందికి జరగదు. "నా వల్ల కావడం లేదు తమ్ముడూ, నువ్వే దించు" అన్నాను. ఆ మాట అంటుంటే గొంతు పూడుకుపోయింది. ఎవరితోనైనా ఆ మాట అని ఎన్నేళ్లయిందో.

అరికాలి కింద వాడి అరచేయి తగిలింది. గరుకుగా, వెచ్చగా ఉంది. "ఇడిసెయ్ బరువు. నేనుండా" అన్నాడు. వదిలాను. వాడు నా పాదాన్ని అరచేతిలో పెట్టుకుని పక్కకు జరిపి ఒక రాతి గాడిలో కుదిర్చాడు. తర్వాత రెండో కాలు. ఆ దిగుడు ముగిసేదాకా నా పాదాలు ఎక్కడ పడాలో ఒక్కసారి కూడా నేను చూడలేదు.

అక్కడి నుంచి జ్వాలా నరసింహుడి గుడి దాకా దిగుతుంటే లోపల గోల లేదు. బలవంతంగా అణిచిందీ కాదు, దానంతట అదే ఆగిపోయింది. అప్పుడు తెలిసిందొక్కటే. నాకు వెళ్లాలని ఉంది. బదిలీ ఉత్తర్వు చేతికొచ్చిన క్షణం నుంచే ఉంది. భయం మాట్లాడితే వంద ప్రశ్నలుంటాయి, వాటిలో ఒక్కదానికీ జవాబు వినే ఓపిక దానికి ఉండదు. ఇది ప్రశ్నే కాదు. ఒకే ముక్క, అది కూడా మెల్లగా. ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్లందరి అభిప్రాయాలూ పోగుచేసి దాని మీద నేనే కుమ్మరించాను.

ఇంకోటి కూడా తోచింది. అంతమందిని సలహా అడిగాను కానీ సాయం ఒక్కరిని కూడా అడగలేదు. సలహా అడిగితే పగ్గాలు మన చేతిలోనే ఉంటాయి. సాయం అడగాలంటే ఆ చేయి కొంచెం సడలించాలి. పెద్దాయన చెప్పిన అంగాల్లో అడగడం ఎందుకుందో బండ మీద ఒళ్లంతా వణికాక తెలిసింది.

కింద గుడి దగ్గర మాతోపాటు దిగిన ఒక బృందం వాళ్లు ఆ మధ్యాహ్నమే పావన నరసింహుడి దగ్గరికి అడవి దారిన నడిచిపోదామన్నారు, నన్నూ రమ్మన్నారు. వద్దన్నాను. కారణాలేమీ చెప్పలేదు, వెతకలేదు కూడా. కాళ్లు అయిపోయాయి, పొద్దు వాలుతోంది, ఇక చాలు అని ఒంటికే తెలుసు. మామూలుగా అయితే మొహమాటానికి వెళ్లేదాన్ని. లేదంటే వెళ్లనందుకు రాత్రంతా బాధపడేదాన్ని. ఆ రాత్రి పడుకున్నదాన్ని సుప్రభాతానికి లేచాను.

దిగువ అహోబిలంలో ప్రహ్లాద వరదుడి దర్శనం చేసుకుని, బయట మండపం నీడలో కూర్చుని అన్నయ్యకు ఫోన్ చేశాను. "ఏమ్మా, ఏం తేల్చుకున్నావ్? నన్నడిగితే..." అని మొదలుపెట్టాడు.

"తేల్చుకున్నాను అన్నయ్యా, వెళుతున్నాను. నాకొక సాయం కావాలి. నేను అక్కడ కుదురుకునేదాకా అమ్మను మీ ఇంట్లో ఉంచుకోవాలి. వదినతో నేను మాట్లాడతాను."

అవతల కాసేపు మాట లేదు. "ఇన్నేళ్లలో మొదటిసారి అడిగావే నువ్వు" అన్నాడు. "పైగది ఖాళీగానే ఉంది, కానీ మెట్లెక్కలేదుగా అమ్మ. కింద మా గది ఇచ్చేస్తాంలే. ఎప్పుడు తీసుకొస్తావ్?"