ప్యాడ్ ముట్టుకోకున్నా మోగుతుంటే ముందుగాల ఏం చూడాలె

మన నల్గొండ దిక్కు బరాత్‌లల్ల ఆక్టాప్యాడ్ (ఎనిమిది రబ్బరు ప్యాడ్లుండే ఎలక్ట్రానిక్ డ్రమ్ము) వాయించేటోళ్లకు ఈ లొల్లి కొత్తది కాదు. డప్పు సౌండ్ పెట్టిన ప్యాడ్ మీద గట్టిగ ఒక్కటి కొడితే పక్కన తాళం పెట్టిన ప్యాడ్ గూడ ఖంగుమంటది, డీసీఎం వ్యాన్ మీద ఎక్కించినంక అయితే ఇంకా ఘోరం, స్టిక్ తగలకున్నా దానంతట అదే మోగుతుంటది. చానమంది ఏం జేస్తరంటే టక్కున త్రెషోల్డ్, అంటే ఎంత దెబ్బ పడితే ప్యాడ్ మోగాలె అనే హద్దు, మొత్తం పెంచేస్తరు. దొంగ చప్పుడు పోతది నిజమే కానీ మెల్లగ కొట్టే దెబ్బలు గూడ దాంతోనే పోతయి, తీన్మార్ అందమంతా ఆ చిన్న దెబ్బలల్లనే ఉంటది, అవి పోయినంక ఇగ మిగిలేది ఉత్త ధబధబే. అందుకే త్రెషోల్డ్ ఆఖరుకు ముట్టుకోండ్రి అంట నేను.

ఒక్కో రబ్బరు కింద బిళ్లంత పైజో సెన్సర్ ఉంటది, దాన్ని వొత్తినా అదిరించినా కరెంటు పుడతది. 1880 సంవత్సరంల క్యూరీ అన్నదమ్ములు కనిపెట్టిన గుణం ఇదే. ఆ అదురు స్టిక్‌ది అని, పక్క ప్యాడ్‌ది అని, బేస్ బాక్స్‌ది అని దానికి ఎరుకుండదు, పైగా ఎనిమిది ప్యాడ్లూ ఒక్క డబ్బాలనే బిగించి ఉంటయి గదా.

ముందుగాల ఇంట్ల హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కో ప్యాడ్ విడిగ కొట్టి చూడండ్రి. ఇంట్ల మంచిగుండి బండి మీదనే మోగుతుందంటే తప్పు ప్యాడ్‌ది కాదు, స్టాండ్‌ది. బేస్ ఆడుతున్నప్పుడు స్టాండ్ రాడ్ మీద అరచేయి పెడితే ఆ దడ చేతికే తెలుస్తది. క్లాంప్ నట్టు గట్టిగ బిగించి, కాళ్ల కింద పాత టైరు ముక్కలో మందం ఫోమో ఏసి, బేస్ బాక్స్‌కు దూరం జరిపితే చానవరకు అక్కడనే తగ్గుతది.

ఇంట్ల గూడ పక్క ప్యాడ్ మోగుతుందంటే అది క్రాస్‌టాక్, అంటే ఒక ప్యాడ్ అదురు పక్కదానికి పాకుడు. యూఎస్‌బీ కేబుల్ పెట్టి ల్యాప్‌టాప్‌ల మిడి నోట్లు (ఏ ప్యాడ్ ఎంత జోరుగ మోగిందో చెప్పే నంబర్లు) చూస్తే దొంగ దొరుకుతడు, వెలాసిటీ అంటే దెబ్బ జోరు 1 నుంచి 127 దాకా ఉంటది, మా దాంట్ల నిజం దెబ్బ 70 పైన వస్తే పక్కదానికి పాకినది పదీ పదిహేను దగ్గరనే కనపడ్డది. మీ ప్యాడ్‌ల క్రాస్‌టాక్ క్యాన్సిల్ అనే సెట్టింగ్ ఉంటే ఆ మోగే ప్యాడ్‌కు ఒక్కదానికే ఒక్కో మెట్టు పెంచుకుంట పోండ్రి. మెట్టు పెంచినప్పుడల్లా రెండు చేతులతోని రెండు ప్యాడ్లు ఒక్కసారే కొట్టి చూడాలె, ఒకటి గట్టిగ ఒకటి మెల్లగ, ఆ మెల్లగ కొట్టింది మింగేసిందంటే ఎక్కువైనట్టే, ఒక మెట్టు దించుకోవాలె. ఇంకా మిగిలితే అప్పుడు త్రెషోల్డ్, అది గూడ ఏలితోని తట్టినా పలికేటంతనే.

ఒక్క దెబ్బకు రెండు సార్లు పలికేది వేరే రోగం, దానికి మాస్క్ టైమ్ (ఒక దెబ్బ పడినంక కొద్దిసేపు ఇంకో దెబ్బను పట్టించుకోని సెట్టింగ్) లేకుంటే రీట్రిగ్గర్ క్యాన్సిల్ వాడాలె. నిమిషానికి 180 బీట్ల స్పీడ్‌ల బీటుకు నాలుగు దెబ్బలు ఏసినా దెబ్బకూ దెబ్బకూ నడుమ 83 మిల్లీసెకన్లు దొరుకుతయి, కాబట్టి 20, 30 మిల్లీసెకన్ల మాస్క్ పెడితే ఆ వాయింపుకు ఏం కాదు. స్టిక్‌ను ఎగిరించి గుర్రుమని రోల్ ఏసేటోళ్లు మాత్రం జర తక్కువ పెట్టుకోవాలె.

ఏ అదురూ లేకుండ, బల్ల మీద ఉత్తగ పెట్టినా ఒక్క ప్యాడే మోగుతుందంటే సెట్టింగులతోని టైమ్ ఖరాబు చేసుకోకండ్రి, లోపల సెన్సర్ అంటు ఊడిందో వైరు టాకా (సోల్డరింగ్ అతుకు) వదిలిందో. బయట పెడల్ పెట్టుకుంటే దాని కేబుల్ మార్చి చూడండ్రి. టాకా ఏసుడు తెలిసిన మెకానిక్ మంచిగ చేస్తడు, కానీ పైజో మీద సోల్డరింగ్ ఐరన్ ఎక్కువసేపు ఆనియ్యొద్దని ముందే చెప్పండ్రి, వేడికి అది పాడైతది.

అన్నీ కుదిరినంక సేవ్ కొట్టుడు మరవకండ్రి, జనరేటర్ నడుమల ఆగితే మళ్ల పాత నంబర్లే వస్తయి. ఇంటికి ఒక నంబర్ల వరుస, బండికి ఒక వరుస, తెల్ల టేపు మీద రాసి ప్యాడ్ వెనక అంటించుకుంటే ఊరేగింపుల ఎతుక్కునే పని ఉండదు.