మోచేయి నొప్పి నుంచి మళ్లీ మౌండ్ మీదికి: పిల్లలకు పిచింగ్ నేర్పడంలో నా అనుభవం

డల్లాస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటాం మేము. ఇక్కడి మన పిల్లల్లో చాలామంది స్కూల్లో స్నేహితుల్ని చూసి బేస్‌బాల్‌లో చేరుతున్నారు. మా అబ్బాయీ అలాగే చేరాడు. లీగ్‌లో కోచ్‌లంతా పిల్లల తల్లిదండ్రులే, జీతం ఏమీ ఉండదు. బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు, పిల్లల భద్రత గురించి, తలకు దెబ్బ తగిలితే ఏం చేయాలన్నదాని గురించి ఆన్‌లైన్‌లో ట్రైనింగ్ ఇస్తారు. అవి పూర్తి చేసి 11, 12 ఏళ్ల పిల్లల జట్టుకు అసిస్టెంట్ కోచ్‌నయ్యాను. గుంటూరులో చదువుకునే రోజుల్లో ఫాస్ట్ బౌలింగ్ చేసేవాణ్ని అని తెలిసి హెడ్ కోచ్ పిచర్లను, అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాళ్లను, నాకే అప్పగించారు.

క్రికెట్ ఆడినవాళ్లకు పిచింగ్‌లో కొంత భాగం ముందే తెలిసి ఉంటుంది. ముందు కాలు నేల మీద పడగానే మోకాలు గట్టిగా నిలవాలి. ఒళ్లు దాని మీదుగా ముందుకు రావాలి. బంతి వదిలాక చెయ్యి అర్ధాంతరంగా ఆగిపోకూడదు, ఎదురు మోకాలి దాకా సాగిపోవాలి. ఇవన్నీ బౌలింగ్‌లో ఉన్నవే. తేడా మోచేతి దగ్గర వస్తుంది. క్రికెట్‌లో బంతి వదిలేటప్పుడు వంగిన మోచేయి 15 డిగ్రీలకు మించి తిన్నబడితే త్రో అంటారు, ఆ బౌలింగ్ చెల్లదు. బేస్‌బాల్‌లో ఆ త్రో మీదే ఆటంతా నడుస్తుంది. మోచేయి దాదాపు 90 డిగ్రీలు వంగి ఉంటుంది, ముంజేయి బాగా వెనక్కి వాలుతుంది, అక్కడి నుంచి ఒక్క ఊపులో ముందుకు వస్తుంది. పెద్ద లీగుల్లో ఆడే పిచర్ల భుజం ఆ క్షణంలో సెకనుకు 7,000 డిగ్రీల వేగంతో తిరుగుతుందని కొలిచి చెప్పారు.

ఆ ఊపుకి మోచేతి లోపలి వైపు విపరీతంగా లాగుతుంది. మన ఫాస్ట్ బౌలర్లు ఎక్కువగా నడుముతో బాధపడితే, పిచర్లు మోచేతితో బాధపడతారు. పెద్దవాళ్లలో అక్కడి లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టే పట్టీ) తెగుతుంది. 1974లో లాస్ ఏంజిలెస్ డాడ్జర్స్ జట్టు పిచర్ టామీ జాన్‌కు డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ముంజేతి నుంచి తీసిన టెండన్‌తో (కండరాన్ని ఎముకకు కలిపే తాడుతో) ఆ లిగమెంట్‌ను మళ్లీ కట్టారు. ఆయన 1976లో తిరిగి వచ్చి ఆ తర్వాత 164 మ్యాచ్‌లు గెలిచారు. ఇప్పటికీ ఆ ఆపరేషన్‌ను ఆయన పేరుతోనే పిలుస్తారు. పిల్లల సంగతి వేరు. వాళ్ల ఎముకలు ఇంకా పెరుగుతుంటాయి. పెరిగే చోట మెత్తని పొర ఉంటుంది, గ్రోత్ ప్లేట్ అంటారు. లిగమెంట్ కంటే అదే బలహీనం కాబట్టి లాగుడంతా దాని మీద పడి వాపు, నొప్పి వస్తాయి. దీన్నే ఇక్కడ 'లిటిల్ లీగ్ ఎల్బో' అంటారు.

అందుకే నా దగ్గరికి వచ్చిన పిల్లలకు మొదట చేతి గురించి ఏమీ చెప్పలేదు. కాళ్లు, నడుము గురించే చెప్పాను. ఈ వయసువాళ్లకు మౌండ్ (పిచర్ నిలబడే మట్టి దిబ్బ) నుంచి హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) దాకా 46 అడుగులు. ఆ దూరాన్ని చేతి బలంతో దాటించాలని చూసే పిల్లవాడి మోచేయి భుజం కంటే కిందికి జారుతుంది. ముందు కాలు పడే సమయానికి తుంటి బ్యాటర్ వైపు తిరగాలి, ఛాతీ మాత్రం ఇంకా పక్కకే ఉండాలి. "తడి బట్ట పిండేటప్పుడు ఒక చెయ్యి ఇటు, ఒక చెయ్యి అటు తిరుగుతుంది కదా, మీ నడుము అలా మెలిపడాలి" అని చెబితే వెంటనే పట్టుకున్నారు. బంతి బదులు చేతికి చిన్న టవల్ ఇచ్చి, ఎదురుగా గ్లవ్ పట్టుకుని దానికి తగిలేలా ఊపమనేవాణ్ని. ఒంటి కదలిక అలవాటవుతుంది, చేతికి బరువు ఉండదు. బంతుల్లో ఫాస్ట్‌బాల్, చేంజప్, అంతే. చేంజప్‌లో చెయ్యి అదే వేగంతో వస్తుంది, బంతిని అరచేతిలోకి కాస్త లోతుగా పట్టుకోవడం వల్ల నెమ్మదిగా వెళ్తుంది. గాల్లో వంపు తిరిగే కర్వ్‌బాల్ అడిగినవాళ్లందరికీ తర్వాత చూద్దాం అనే చెప్పాను.

వార్మప్ విషయంలో మాత్రం నేను మొండివాణ్ని. చాలామంది పిల్లలు కారు దిగగానే బంతి అందుకుని విసరడం మొదలుపెడతారు. అలా కాకుండా ముందు పరుగు, ఒళ్లు వేడెక్కే కదలికలు, కంచెకు కట్టిన రబ్బరు బ్యాండ్లతో భుజం వెనక కండరాలకు కసరత్తు, ఆ తర్వాతే దగ్గర నుంచి మొదలుపెట్టి విసురుడు. బంతిని వేగంగా పంపే కండరాల గురించి అందరూ మాట్లాడతారు. వదిలాక ఆ చేతిని ఆపే కండరాలు భుజం వెనక ఉంటాయి, అలసట ముందు అక్కడే మొదలవుతుంది.

ఇక లెక్క. ఇక్కడి అత్యున్నత వృత్తి లీగ్ మేజర్ లీగ్ బేస్‌బాల్, జాతీయ సంస్థ యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి 2014లో పిచ్ స్మార్ట్ అనే మార్గదర్శకాలు తెచ్చాయి. 9, 10 ఏళ్లవాళ్లు ఒక రోజులో 75 పిచ్‌లు (పిచర్ వేసే బంతులు), 11, 12 ఏళ్లవాళ్లు 85, 13, 14 ఏళ్లవాళ్లు 95 దాటకూడదు. విశ్రాంతికీ లెక్క ఉంది. 14 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లవాడు 21 నుంచి 35 పిచ్‌లు వేస్తే ఒక రోజు, 50 దాకా అయితే రెండు రోజులు, 65 దాకా మూడు, 65 దాటితే నాలుగు రోజులు మౌండ్ ఎక్కకూడదు. మా జట్టులో ఒక తండ్రి డగౌట్‌లో (ఆటగాళ్లు కూర్చునే చోట) పిచ్‌లు లెక్కపెట్టే క్లిక్కర్ పట్టుకుని కూర్చునేవారు. మా షీటు చక్కగా ఉండేది. అయితే పిల్లవాడు ఇంకెక్కడ ఆడుతున్నాడో ఆ షీటుకు తెలియదు.

మా జట్టులో ఎడమచేతి వాటం బాబు ఒకడుండేవాడు. తెలుగు కుటుంబమే. పొడవైనవాడు, చక్కని చెయ్యి, మాటలు తక్కువ. వారం మధ్యలో మా లీగ్‌లో ఆడేవాడు, శని ఆదివారాలు వేరే ట్రావెల్ జట్టుతో టోర్నమెంట్లకు వెళ్లేవాడు. 2024 ఏప్రిల్‌లో ఒక గురువారం మాకు 48 పిచ్‌లు వేశాడు. లెక్క ప్రకారం శుక్ర, శనివారాలు సెలవు. ఆ జట్టువాళ్లు శనివారమే వాణ్ని మౌండ్ ఎక్కించారు, ఆదివారం మళ్లీ వేయించారు. ఫైనల్ కదా అన్నారట. మంగళవారం ప్రాక్టీస్‌కి వచ్చినప్పుడు వాడి మోచేయి కిందికి జారుతోంది, బంతులన్నీ పైకి పోతున్నాయి. మధ్యమధ్య మోచేతి లోపలి వైపు వేళ్లతో నొక్కుకుంటున్నాడు. "నొప్పా నాన్నా?" అంటే "లేదు అంకుల్, కొంచెం టైట్‌గా ఉంది" అన్నాడు. మైదానంలో ఎప్పుడూ కోచ్ అని పిలిచే పిల్లవాడు అంకుల్ అన్నాడంటే దిగులు పడుతున్నాడని నాకు అర్థమైంది. బంతి తీసేసుకున్నాను.

సాయంత్రం వాళ్ల నాన్నగారితో మాట్లాడాను. మంచి మనిషి, కొడుకు మీద ప్రాణం. "అన్నా, ఐస్ పెడితే తగ్గిపోతుంది కదా, శనివారం పెద్ద టోర్నమెంట్ ఉంది" అన్నారు. ఆయన్ను తప్పు పట్టలేను. హైస్కూల్ జట్టు, కాలేజీ స్కాలర్‌షిప్ అంటూ చుట్టూ అందరూ తొందరపెడుతుంటే ఏ తండ్రికైనా టెన్షన్ ఉంటుంది. నేను ఒకటే చెప్పాను. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ అని ఉంది. అక్కడి పరిశోధకులు ఆపరేషన్ దాకా వెళ్లిన కుర్ర పిచర్లను, ఏ గాయమూ లేని పిచర్లను పోల్చి చూసి 2006లో ఫలితాలు ప్రచురించారు. చెయ్యి అలసిపోయాక కూడా తరచూ పిచింగ్ చేసిన పిల్లలకు ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం 36 రెట్లు ఎక్కువ. ఏడాదిలో 8 నెలలకు మించి పోటీల్లో వేసినవాళ్లకు 5 రెట్లు. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడే పిల్లల స్పోర్ట్స్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు.

రెండు మోచేతులకూ ఎక్స్‌రే తీశారు, పక్కపక్కన పెట్టి చూస్తే ఎడమ చేతి గ్రోత్ ప్లేట్ కాస్త ఎడంగా కనిపించింది. ఆరు వారాలు బంతి విసరకూడదు, క్యాచర్‌గా (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడిగా) కూడా ఆడకూడదు అన్నారు. పిచర్ తర్వాత ఎక్కువ విసిరేది క్యాచరే. నొప్పి పూర్తిగా పోయాక బ్యాటింగ్ చేయవచ్చన్నారు.

ఆ ఆరు వారాలూ వాడి మనసుకే పెద్ద పరీక్ష. రెండు మ్యాచ్‌లు తల దించుకుని కూర్చున్నాడు. మూడో మ్యాచ్‌కి క్లిక్కర్, చార్ట్ వాడి చేతిలో పెట్టాను. ప్రతి పిచ్ ఎక్కడ పడింది, బ్యాటర్ ఏం చేశాడు, రాయాలి. కొన్నాళ్లకు వాడే వచ్చి చెప్పడం మొదలుపెట్టాడు: "కోచ్, ఆ అబ్బాయి మొదటి బంతి ఎప్పుడూ కొట్టడు, మధ్యలో వేసేయమనండి." మౌండ్ మీద నిలబడి ఇంత చూడలేరు పిల్లలు. ఇది బాగుందని ఇప్పుడు గాయం లేని పిచర్లకు కూడా వంతుల వారీగా చార్ట్ రాయిస్తున్నాను.

ఆ వేసవిలోనే కుమార్ రాకర్ మా ఊరి రఫ్‌రైడర్స్ జట్టుకు (టెక్సస్ రేంజర్స్‌కు చెందిన కింది స్థాయి జట్టు) ఆడాడు. తల్లి వైపు భారతీయ మూలాలున్న పిచర్. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి ఆడుతూ 2019లో డ్యూక్ మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే మూడేసి స్ట్రైక్‌లతో (బ్యాటర్ కొట్టలేకపోయిన, లేదా కొట్టకుండా వదిలేసిన సరైన బంతులతో) అవుట్ చేశాడు. 2021లో భుజానికి, 2023లో మోచేతికి ఆపరేషన్లు అయ్యాయి. 2024 సెప్టెంబరులో టెక్సస్ రేంజర్స్ తరఫున పెద్ద లీగ్‌లో అడుగుపెట్టాడు. కుమార్ అన్న పేరున్న మనిషి అంత ఎత్తులో ఉండటం మన పిల్లలకు ఎంత బలమో మాటల్లో చెప్పలేను. మా జట్టులోని ఆ ఎడమచేతి బాబు మాత్రం ఆ మధ్య ఏడాది ఆయన ఏం చేసి ఉంటాడని అడిగాడు. రోజూ కసరత్తు చేసి ఉంటాడు, బంతి జోలికి పోకుండా ఓపిక పట్టి ఉంటాడు అన్నాను.

డాక్టర్ సరేనన్నాక ఫిజియోథెరపిస్ట్ ఒక కాగితం ఇచ్చారు. ముందు 30 అడుగుల నుంచి నెమ్మదిగా విసరడం, మధ్యలో విశ్రాంతి రోజు, నొప్పి లేకపోతే 45, తర్వాత 60, 90 అడుగులు. ఎక్కడ నొప్పి అనిపించినా ఒక మెట్టు వెనక్కి. ఇవన్నీ అయ్యాకే మౌండ్, అదీ సగం బలంతో, ఫాస్ట్‌బాల్ ఒక్కటే. మెట్లు దూకేయాలని వాడికి ఎంత ఉందో నాకు కనిపిస్తూనే ఉండేది. చెయ్యి ఖాళీగా ఉన్న ఈ సమయంలోనే టవల్‌తో పాత అలవాటు సరిచేశాం. కాలు పడకముందే ఛాతీ తెరుచుకునేది, అది పోయింది.

సెప్టెంబరులో వాడు మొదటిసారి మ్యాచ్‌లో మౌండ్ ఎక్కినప్పుడు చేతికి ఏ ఇబ్బందీ లేదు. భయం ఉంది. బంతిని విసరకుండా జాగ్రత్తగా పెట్టాలని చూశాడు. వరుసగా ఇద్దరికి వాక్ ఇచ్చాడు (నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కు వెళ్లిపోతాడు). స్టాండ్స్‌లో నుంచి "స్ట్రైక్ వెయ్యి నాన్నా" అని కేకలు. స్ట్రైక్ వేయకూడదని ఏ పిల్లవాడూ అనుకోడు. ఆ కేకతో వాడికి కొత్తగా తెలిసేదేమీ లేదు, భుజాలు మాత్రం ఇంకా బిగుసుకుంటాయి. మౌండ్ దగ్గరికి వెళ్లాను. టెక్నిక్ గురించి ఒక్క మాట కూడా అనలేదు, మ్యాచ్ మధ్యలో ఎప్పుడూ అనను. "నొప్పి ఉందా?" లేదన్నాడు. "అయితే మన పద్ధతి చెయ్యి" అన్నాను. మౌండ్ మీదుండే రబ్బరు పలక మీద నుంచి దిగాలి. ఒక ఊపిరి గట్టిగా తీసి నెమ్మదిగా వదలాలి. క్యాచర్ గ్లవ్‌ను మాత్రమే చూడాలి. ఎక్కి వేసేయాలి. బంతి ఎక్కడ పడినా మళ్లీ అదే. ప్రాక్టీస్‌లో రోజూ చేయించింది కాబట్టి అప్పుడు గుర్తుచేస్తే సరిపోయింది. తర్వాతి బ్యాటర్ గట్టిగానే కొట్టాడు, ఒక పరుగు వచ్చింది. వాడు దిగాడు, ఊపిరి తీశాడు, మళ్లీ ఎక్కాడు. ఆ పరుగు తర్వాత వాడు అలా చేయడం నాకు స్ట్రైకౌట్ల కంటే ఎక్కువ సంతోషమిచ్చింది. 25 పిచ్‌లని ముందే అనుకున్నాం, 25 కాగానే దించేశాను. ఇంకొక్క బ్యాటర్‌కు వేస్తానన్నాడు. వద్దన్నాను.

ట్రావెల్ జట్టు విషయంలో నాకు ఇప్పటికీ కోపం ఉంది. పన్నెండేళ్ల పిల్లవాడి మోచేయి తాకట్టు పెట్టి గెలిచే కప్పు ఎవరికి? వాళ్ల నాన్నగారు ఆ జట్టు మాన్పించి వేరే జట్టులో చేర్చారు. చేర్చేముందే రెండు జట్లకూ ఒకటే షీటు ఉండాలని మాట తీసుకున్నారు. ఇప్పుడు మ్యాచ్ అవగానే పిచ్‌ల లెక్క, తేదీ ఆయన షీటులో ఎక్కిస్తారు, ఇద్దరు కోచ్‌లకూ ఫోన్‌లో కనిపిస్తుంది. మా జట్టులో రెండు చోట్ల ఆడే పిల్లలందరికీ ఇదే పద్ధతి పెట్టాం. 2024 డిసెంబరులో మేజర్ లీగ్ బేస్‌బాల్ పిచర్ల గాయాల మీద పెద్ద నివేదిక విడుదల చేసింది. వేగం కోసం పరుగు, ప్రతి బంతినీ పూర్తి బలంతో వేయడం గాయాలకు ముఖ్య కారణాలని, ఈ ధోరణి కుర్రవాళ్ల ఆటలోకి కూడా దిగిందని అందులో ఉంది. ఆ తర్వాత ప్రాక్టీస్‌కి బంతి వేగం కొలిచే రాడార్ గన్ తేవద్దని తల్లిదండ్రులను అడిగాను. ఒకరిద్దరు నొచ్చుకున్నారు, అయినా తేవడం లేదు.

చలికాలం బంతి ముట్టుకోకుండా గడిపాడు ఆ ఎడమచేతి బాబు. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు విసురుడు ఆపాలని, అందులో రెండు మూడు నెలలు వరుసగా ఉండాలని పిచ్ స్మార్ట్ సలహా. ఆ నెలల్లో బాస్కెట్‌బాల్ ఆడాడు, కాళ్లకు బలం వచ్చింది. ఇప్పుడు 13 ఏళ్లు, మౌండ్ 54 అడుగులకు జరిగింది. కొత్త దూరం అలవాటయ్యేదాకా ఫాస్ట్‌బాల్, చేంజప్‌తోనే ఆడుతున్నాడు. మొన్న మళ్లీ కర్వ్‌బాల్ అడిగాడు. చేంజప్ పదిలో ఏడు స్ట్రైక్ జోన్‌లో పడేలా వేస్తే గ్రిప్ చూపిస్తానన్నాను. ప్రస్తుతం ఐదు పడుతున్నాయి.