కీర్తన పేరు అడిగిన దరఖాస్తు

తిరుపతిలో మా బృందం ఆధునిక నృత్య ప్రదర్శన కోసం ఒక ప్రేక్షకశాలను అడిగినప్పుడు, దరఖాస్తులో మొదటి గడి ‘కీర్తన పేరు’, రెండవది ‘రాగం, తాళం’ అని ఉంది. మా నలభై నిమిషాల ప్రదర్శనలో పాటే లేదు. పాదాల చప్పుడు, ఊపిరి, నడుమ నడుమ ఒక డప్పు, అంతే. రెండు గళ్లలోనూ అడ్డగీత గీసి ఇచ్చాను. వివరాలు అసంపూర్ణమంటూ దరఖాస్తు వారంలో వెనక్కి వచ్చింది.

చివరికి ఒక కల్యాణ మండపం అద్దెకు తీసుకున్నాము. అరవై మంది వచ్చారు, సగం మంది మధ్యలోనే లేచి వెళ్లారు. నెల రోజులు ప్రేక్షకులను తిట్టుకున్నాను గాని, తప్పు నాదే. కరపత్రంలో ‘దేహ రాజకీయాలు’ అని రాసింది నేనే కదా. నా దగ్గర కూచిపూడి నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులైతే ‘మోడర్న్ డ్యాన్స్’ అనగానే సినిమా స్టెప్పులనుకుని వచ్చారు.

ఆ తరువాత ప్రతి ఆదివారం మా మేడ మీద సాధనను ఎవరైనా వచ్చి చూడవచ్చునని చెప్పాము. మొదట పది నిమిషాలు నేను మాట్లాడేదాన్ని: శాస్త్రీయ నృత్యం నేర్వని ఉదయ్ శంకర్ తన సొంత బాణీని ఏర్పరచుకున్న తీరు, ఆయన ‘కల్పన’ చిత్రం మద్రాసు జెమినీ స్టూడియోలో తయారై 1948లో విడుదల కావడం. తల్లులను మాత్రం చంద్రలేఖ కథే ఆకట్టుకుంది. భరతనాట్యంలో పేరు తెచ్చుకున్న ఆమె, 1985లో ‘అంగిక’లో ఆ నాట్యాన్ని కేరళ యుద్ధవిద్య కలరిపయట్టుతో, యోగాసనాలతో ఒకే వేదిక మీదికి తెచ్చారని చెప్పినప్పుడు, ఇది సంప్రదాయం రానివాళ్లు చేసే పని కాదని వారికి అర్థమైంది.

అసలు మలుపు ఒక పెద్దాయన వల్ల వచ్చింది. ఆయన ఏటా గంగమ్మ జాతరలో వేషం కడతారు. మా అమ్మాయి నిలబడిన చోటి నుండి నేల మీదికి ఒరిగే ఘట్టం దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. “ఆ పాప ఎందుకు పడతా ఉంది?” అని ఆయన అడిగారు. నేను వివరించబోయేసరికి, “సెప్పొద్దులేమ్మా, ఇంగొకసారి పడమను” అన్నారు. రెండవసారి చూసి, బరువంతా మెడలో పెట్టుకుందని, మోకాలిలోకి దించాలని చెప్పారు. వేషం కట్టి మైళ్లు నడిచిన మనిషి మాట అది, దిద్దుకున్నాము. మరుసటి ఆదివారం ఆయన నలుగురిని వెంటబెట్టుకొచ్చారు.

డబ్బు విషయంలోనూ ఇదే నేర్చుకున్నాను. ‘కళకు సాయం చేయండి’ అన్నప్పుడు ఎవరూ జేబులో చెయ్యి పెట్టలేదు. పిల్లల మోకాళ్లు చూపించి, సిమెంటు నేల మీద పరచడానికి చాప కావాలన్నప్పుడు, వీధి చివరి కాఫీ పొడి కొట్టాయన సగం ఖర్చు భరించారు.

రెండవసారి దరఖాస్తులో అడ్డగీతలు పెట్టలేదు. ‘పాట లేదు, డప్పు ఉంది’ అని రాసి, సాధన చూసిన నూట పన్నెండు మంది సంతకాలు జతపరిచాను. ప్రేక్షకశాల దొరికింది, బుధవారం మధ్యాహ్నం మూడు గంటలకే అయినా. పెద్దాయన ముందు వరుసలో కూర్చున్నారు. ఈసారి మధ్యలో లేచి వెళ్లినవారు ఏడుగురు. తెర పక్కన నిలబడి లెక్కపెట్టాను.