సూదీ, కత్తీ, నా 92 కిలోలూ

నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. 2025 వేసవికి బరువు 92 కిలోలు, బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఎక్కువో చెప్పే లెక్క) 37 పైన. షుగర్ ఎప్పటినుంచో ఉంది. మోకాళ్ల నొప్పులు, గురక దానికి తోడు. చుట్టాలందరి దగ్గరా ఒకటే మందు: "అన్నం మానెయ్యి, పొద్దున్నే నడువు." మానేశాను, నడిచాను. నాలుగైదు కిలోలు తగ్గేవి, పండక్కో పెళ్లికో మళ్లీ వచ్చి చేరేవి. చివరికి హైదరాబాద్‌లో ఒక ఎండోక్రైనాలజిస్టును, అంటే హార్మోన్ల డాక్టర్‌ను కలిశాను.

మనవాళ్లకి బీఎంఐ 25 దాటితే చాలు, ఊబకాయం కింద లెక్క అన్నారాయన. తెల్లవాళ్లకి అది 30. మనకి పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువ, షుగర్ తొందరగా పట్టుకుంటుంది.

మూడు దారులు చెప్పారు. మొదటిది ఆర్లిస్టాట్ మాత్ర. తిన్న కొవ్వులో సుమారు మూడో వంతు ఒంటికి పట్టనివ్వదు, నూనె ఎక్కువైన రోజు బాత్రూమ్‌కి పరుగు తప్పదు. కందిపొడీ నెయ్యీ లేనిదే ముద్ద దిగని ఇల్లు మాది, వద్దన్నాను. రెండోది స్లీవ్ ఆపరేషన్. జీర్ణాశయంలో దాదాపు 80 శాతం తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను కూడా తగ్గుతుంది. తర్వాత జీవితాంతం విటమిన్లు, రక్త పరీక్షలు.

నా మొగ్గు ఆపరేషన్ వైపే. కానీ ఇన్సూరెన్స్ వాళ్ల షరతు వేరు: బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి అదుపులో లేని షుగరో, గుండె జబ్బో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) ఉండాలి. నా షుగర్ మాత్రలతో అదుపులోనే ఉంది. నిద్ర పరీక్షలో ఆప్నియా ఓ మోస్తరే అని తేలింది. అంటే ఇన్నేళ్లూ వేళకి మాత్రలు మింగినందుకు నాకు దక్కిన బహుమతి ఇదన్నమాట!

ఇక మిగిలింది ఆకలి తగ్గించే వారానికో సూది, టిర్జెపటైడ్. మౌంజారో పేరుతో 2025 మార్చిలో మన దేశానికి వచ్చింది. అప్పట్లో ఒక వారం డోసుకి సరిపోయే 2.5 మిల్లీగ్రాముల వయల్ (చిన్న మందు సీసా) 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375. మా ఆయన క్యాలిక్యులేటర్ తీశారు గానీ ఏమీ అనలేదు.

సూది మొదలుపెట్టే ముందు డాక్టర్‌గారు అడిగినవి చాలానే ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉందా? నాకెప్పుడైనా ప్యాంక్రియాటైటిస్, అంటే క్లోమగ్రంథి వాపు వచ్చిందా? గాల్ బ్లాడర్‌లో రాళ్ల కోసం స్కానింగ్ చేయించారు. నేను వేసుకునే షుగర్ మాత్ర గ్లిమెపిరైడ్ సగం చేశారు, రెండూ కలిస్తే షుగర్ మరీ పడిపోవచ్చని. చీటీ లేకుండా ఎవరో తెలిసినవాళ్ల చేత తెప్పించుకుని పొడుచుకునేవాళ్లకి ఆ మాత్ర సంగతి ఎవరు చెబుతారు?

మొదటి నాలుగు వారాలు చిన్న డోసు, అది కడుపుకి అలవాటు చేయడానికే. 5కి మారాక అసలు కథ. పోపు వాసనకే వికారం. పులిహోర, బజ్జీలు తలచుకున్నా తేన్పులు. మలబద్ధకం అంతకన్నా హింస. ఇసబ్గోల్, నీళ్లు, మజ్జిగతో నెట్టుకొచ్చాను. ఒక నిశ్చితార్థంలో ఆకులో సగం వదిలేస్తే పెద్దత్తయ్య "వంట బాలేదా అమ్మా?" అంది. కడుపు నిండిపోయిందంటే నమ్మలేదు.

డైటీషియన్ మాత్రం తక్కువ తినడం గొప్ప కాదంది. ఆకలి చచ్చినప్పుడు కొవ్వుతో పాటు కండా కరుగుతుందట. అందుకే ముందు గుడ్లు, పెసరట్టు, చేప, పెరుగు, ఆ తర్వాతే అన్నం. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చునే వ్యాయామం మోకాళ్లకి బాగా పనిచేసింది.

ఇప్పుడు 84 కిలోలు. యూట్యూబ్‌లో జనం ఇరవై, పాతిక తగ్గామంటుంటే నాకు టెన్షన్. షుగర్ ఉన్నవాళ్లకి తక్కువే తగ్గుతుందన్నారు డాక్టర్‌గారు. పెద్ద డోసు, అంటే 15 మిల్లీగ్రాముల మీద చేసిన ట్రయల్స్‌లో షుగర్ లేనివాళ్లు సగటున 20 శాతం దాకా తగ్గితే, ఉన్నవాళ్లు 15 శాతం దగ్గర ఆగారట. నేనింకా 5 మీదే ఉన్నాను, వికారమూ ఖర్చూ రెండూ చూసుకుని. గ్లిమెపిరైడ్ పూర్తిగా ఆగిపోయింది. గురక తగ్గిందని మా ఆయన సర్టిఫికెట్.

సూది ఆపేస్తే చాలామందికి బరువు తిరిగొస్తుంది, బీపీ మాత్రలాగే దీన్నీ చూడాలంటారు డాక్టర్‌గారు. బీపీ మాత్రకి నెలకి ఇంత ఖర్చు అవ్వదుగా! వచ్చే చెకప్‌లో డోసు తగ్గించి కొనసాగించే వీలుందేమో అడగాలి.