ఒక్కో పూట, ఒక్కో చేతిపని: నా నూలు పుస్తకం

ఈ నోటు పుస్తకంలో మొదటి పేజీకి ఒక దారం ముక్క అంటించి ఉంది. బెత్తెడు పొడవు. ఒక చివర చిటికెన వేలంత లావు, మధ్యలో వెంట్రుకంత సన్నం, రెండో చివర మళ్లీ ఉబ్బు. నేను వడికిన మొదటి దారం అదే. దాని కింద నా రాత: "20 గ్రాముల ఊలు, 14 మీటర్లు, పదకొండు సార్లు తెగింది."

అయిదు నెలల్లో అయిదు తరగతులకు వెళ్లాను. అన్నీ ఒంటిపూటవే, ఏదీ మూడున్నర గంటలు దాటలేదు. తకిలి, ఫెల్ట్, రంగులు, చిన్న మగ్గం, నీలిమందు, ఈ వరుసలో. రోజంతా కేటాయించలేని నాలాంటి వాళ్లకు పూట తరగతి చక్కగా సరిపోతుంది. కాకపోతే అందులో ఒక మాయ ఉంది. మనం వెళ్లేసరికే సగం పని ఎవరో చేసి పెట్టి ఉంటారు. ఊలు కడిగి, ఏకి, ఏకులుగా చుట్టి ఉంటుంది. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కించి ఉంటుంది. దారానికి పటిక పట్టించి ఉంటుంది. మనం మిగిలిన సరదా పని చేసి, చేతిలో ఒక వస్తువుతో ఇంటికి వచ్చేస్తాం. ఆ ముందు సగం ఎంత పెద్దదో ఇంట్లో ఒంటరిగా కూర్చున్నప్పుడు తెలుస్తుంది. ఈ రాతల్లో ఎక్కువ భాగం ఆ సగం గురించే.

మొదటి పూట: తకిలి

ఒక పుల్ల, దాని కింద ఒక బిళ్ల, పైన చిన్న కొక్కెం. ఇంతే పరికరం. బొంగరంలా తిప్పి వదిలితే గాలిలో వేలాడుతూ తిరుగుతుంది, ఆ తిరుగుడు పైకెక్కి పీచులో పురి అవుతుంది. చూడడానికి ఏమీ లేదు. చేతికి వచ్చేసరికి మాత్రం కుడి చెయ్యి తకిలి తిప్పాలి, ఎడమ చెయ్యి ఏకును పట్టుకోవాలి, పీచు సాగదీయాలి, పురి ఏకులోకి ఎగబాకకుండా వేళ్లతో అడ్డుకోవాలి. నాకున్న చేతులు రెండే.

మొదటి గంటంతా తకిలి నేల మీద పడుతూనే ఉంది. అప్పుడు నేర్పే ఆవిడ నా పక్కన కూర్చుని, "రెండు పనులూ ఒకేసారి ఎవరు చేయమన్నారమ్మా మిమ్మల్ని? తకిలి తిప్పండి. పురి నిండాక మోకాళ్ల మధ్య ఇరికించి ఆపండి. ఆ తర్వాత తీరిగ్గా పీచు లాగండి" అన్నారు. ఆ ఒక్క మాటతో పని దారిలో పడింది. తిప్పడం, ఆపడం, లాగడం. వేగం లేదు, కానీ దారం తెగడం లేదు.

ఇంకొక విషయం ఆవిడ చెప్పలేదు, నా వేళ్లే కనిపెట్టాయి. ఎంత గుంజినా ఏకు సాగని సందర్భాలు కొన్ని వచ్చేవి. బలం చాలడం లేదేమో అనుకుని ఇంకా గట్టిగా లాగేదాన్ని. అసలు సంగతి చేతుల మధ్య దూరం. నేను వాడిన ఊలులో పీచు పొడవు దాదాపు 10 సెంటీమీటర్లు. రెండు చేతులూ అంతకన్నా దగ్గరగా ఉంటే ఒకే పీచు రెండు కొసలనూ రెండు చేతులూ పట్టుకుని ఉంటాయి. ఇక అది ఎటు జారుతుంది? చేతులను జానెడు ఎడంగా పెట్టాక వెన్నలా సాగింది.

తర్వాతి మూడు వారాలు రోజుకు పది నిమిషాల చొప్పున వడికాను. ఒక ఆదివారం కసిగా రెండు గంటలు కూర్చుంటే భుజం పట్టేసింది, దారమూ పాడైంది. పది నిమిషాలే మేలు. తకిలి బరువు 50 గ్రాములు ఉంటే కొత్త చేతికి బాగుంది, ఎక్కువసేపు తిరుగుతుంది. 25 గ్రాములది కొన్నాను గానీ సన్నని దారం తీయడం వచ్చేదాకా అది పెట్టెలోనే ఉండాలి. పురి సరిపోయిందా లేదా చూడాలంటే అప్పుడే వడికిన దారాన్ని ఒక మూర వదులుగా వంచి చూస్తే చాలు. తనంతట తాను చక్కగా మెలిపడితే సరిపోయినట్టు, నీరసంగా వేలాడితే ఇంకా తిప్పాలి, ముడులు ముడులుగా ముడుచుకుంటే ఎక్కువైనట్టు.

ఒంటిపోగులు రెండు కలిపి పేనేటప్పుడు తకిలిని ఎదురు దిక్కున తిప్పాలి. నేను మొదటిసారి అదే దిక్కున తిప్పాను. వచ్చినది దారం కాదు, స్ప్రింగు. పేనాక చిలపగా, అంటే వదులు దారపు చుట్టగా, చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, పిండకుండా తువ్వాలులో అద్ది ఆరేస్తే పురి కుదురుకుంటుంది. ఇప్పుడు 20 గ్రాములకు 38 మీటర్లు వస్తోంది. మొదటిరోజు 14.

ఆ తర్వాత తెలిసీ తెలియక అర కిలో పచ్చి ఊలు తెచ్చుకున్నాను, ముందు సగం కూడా నేనే చేద్దామని. కడిగాక మిగిలింది 290 గ్రాములు. పోయినదంతా జిడ్డు, మట్టి, గడ్డిపరకలు. నాలుగు విడతల వేడినీళ్లు, సబ్బు, కదపకుండా నానబెట్టడం. ఆరడానికి రెండు రోజులు. ఏకడానికి ఇంకో వారం. తరగతిలో ఒక బుట్ట నిండా ఉన్న మెత్తని ఏకులను ఎంత తేలిగ్గా అందుకున్నానో గుర్తొచ్చి సిగ్గేసింది.

రెండో పూట: ఫెల్ట్

ఊలు పీచు మీద కంటికి కనపడని పొలుసులుంటాయి. వేడి, తడి, సబ్బు, రాపిడి కలిస్తే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఇక విడిపోవు. అల్లిక లేదు, నేత లేదు, అయినా బట్ట తయారవుతుంది. అదే ఫెల్ట్. సైబీరియాలోని పజిరిక్ సమాధుల్లో మంచు కాపాడిన, జీను మీద కప్పే ఫెల్ట్ గుడ్డలు రెండు వేల ఏళ్లకు పైబడినవి. ఊలు పొరలను ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా పరచి, సబ్బునీళ్లు చల్లి, చుట్టి, దొర్లించాం. వేళ్లతో గిల్లితే పై పొర విడిగా లేవకపోతే అయినట్టు. 30 సెంటీమీటర్ల చదరం 20 సెంటీమీటర్లు అయింది. ఏది చేయాలన్నా కావలసినదానికి ఒకటిన్నర రెట్లు పరచాలని రాసుకున్నాను.

నిజం చెప్పాలంటే ఇది నాకు పట్టలేదు. ముంజేతులు నొప్పి పుట్టాయి, చేసిన ముక్క టేబుల్ మీద కప్పు కింద పడి ఉంది. కానీ పొలుసుల పాఠం మరుసటి నెల నాకు ఎదురొచ్చింది.

మూడో పూట: రంగులు

తరగతిలో అరడజను గిన్నెలు మరుగుతున్నాయి. మాకు ఇచ్చిన చిలపలను ఉల్లిపొట్టులో ముంచితే ముదురు నారింజ, బంతిపూలలో ముంచితే పసుపు. అందరూ ఆహా అన్నారు. నేను మాత్రం, "ఈ దారానికి ముందే ఏమైనా చేశారా?" అని అడిగాను. నేర్పే ఆవిడ నవ్వి ముందురోజు చేసిన పని చెప్పారు. ఊలు బరువులో 12 నుంచి 15 శాతం పటిక. అంటే 100 గ్రాముల దారానికి 12 నుంచి 15 గ్రాములు. దారాన్ని ముందు అరగంట మామూలు నీళ్లలో నానబెట్టాలి, పొడిగా వేస్తే మచ్చలు మచ్చలుగా పడుతుంది. పటిక నీళ్లలో వేసి, గంటసేపు మెల్లగా వేడి పెంచుతూ 80 డిగ్రీల దాకా తీసుకెళ్లి, ఇంకో గంట అక్కడే ఉంచి, ఆ నీళ్లలోనే చల్లారనివ్వాలి. పటిక రంగును పీచుకు ముడివేస్తుంది. పటిక లేకపోతే చాలా రంగులు రెండు ఉతుకులకు వెళ్లిపోతాయి.

ఎవరో పసుపు కొమ్ముల సంగతి అడిగారు. రంగు భలేగా పడుతుందట, ఎండ తగిలితే అంతే వేగంగా పోతుందట. కిటికీ దగ్గర రెండు వారాలు పెట్టి నేనే చూశాను, సగం పాలిపోయింది. ఉల్లిపొట్టు ముక్క మాత్రం నిలబడింది.

ఇంట్లో నా మొదటి ప్రయత్నం: 60 గ్రాముల సొంత దారం, 8 గ్రాముల పటిక, 90 గ్రాముల ఉల్లిపొట్టు. గిన్నె వంటకు వాడనిది, పాతది. రంగు అద్భుతంగా వచ్చింది. ఆ సంతోషంలో సెగలు కక్కుతున్న చిలపను తీసి నేరుగా కుళాయి కింద పెట్టి, రంగు నీళ్లు పోవాలని రెండు చేతులా గట్టిగా రుద్దాను. అరనిమిషంలో చిలప బిగుసుకుంది. విప్పబోతే పోగులు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. వేడి, తడి, రాపిడి. పైగా ఉన్నట్టుండి చల్లదనం. రెండో పూట పాఠమంతా ఒక్క చిలపలో చదువుకున్నాను. మూడు వారాల వడుకు నారింజ రంగు తాడై కూర్చుంది. దాన్ని పారేయలేదు, ఈ పుస్తకానికి కట్టుతాడుగా వాడుతున్నాను.

ఇప్పుడు రంగు నీళ్లలోనే రాత్రంతా వదిలేస్తాను. కడిగే నీళ్లు కూడా అదే వెచ్చదనంలో ఉండేలా చూస్తాను. ముంచి తీయడమే, రుద్దడం లేదు.

నాలుగో పూట: చిన్న మగ్గం

టేబుల్ మీద పెట్టుకునే మగ్గం. చీలికలూ రంధ్రాలూ ఒకటి విడిచి ఒకటి ఉన్న పలక ఒకటి ఉంటుంది. పలకను పైకెత్తితే సగం పడుగు పోగులు లేస్తాయి, కిందికి దించితే దిగుతాయి. ఆ సందులోంచి పేక, అంటే అడ్డపోగు, చుట్టిన నాడెను అటూ ఇటూ పంపడం. పడుగు ముందే ఎక్కించి ఉంది కాబట్టి మూడు గంటల్లో 110 సెంటీమీటర్ల గుడ్డ నేశాను, గర్వంగా కొలిచాను. మొదట్లో 25 సెంటీమీటర్ల వెడల్పు, చివర 20.5. మధ్యలో ఎక్కడ సన్నబడిందో నాకు తెలియనే లేదు. ప్రతిసారీ పేకను బిగించి లాగుతూ వచ్చానట. పేకను నేరుగా వేయకుండా సందులో ఏటవాలుగా వదిలి, ఆ తర్వాతే పలకతో కొట్టాలి. పోగు పడుగు మీదా కిందా ఎక్కి దిగడానికి కావలసిన అదనపు పొడవు ఆ ఏటవాలులో దొరుకుతుంది.

అరువు మగ్గంతో ఇంట్లో నా లెక్క: నేసిన బట్ట 150 సెంటీమీటర్లు కావాలి. నేతలోనూ ఉతుకులోనూ తగ్గేదానికి 15 శాతం. మగ్గానికి కట్టుకోవడానికి, చివర వృథా పోయేదానికి 50 సెంటీమీటర్లు. మొత్తం సుమారు 220. పోగులు 75. అంటే పడుగుకే 165 మీటర్లు. పేకకు ఇంకో 130.

పడుగు ఎక్కించడానికి 4 గంటల 20 నిమిషాలు పట్టింది. తరగతిలో నేను మొత్తం నేసినదానికి పట్టిన సమయం కన్నా ఎక్కువ. వెనక దుంగకు చుట్టేటప్పుడు పొరల మధ్య మందపాటి కాగితం పెట్టాలి, లేకపోతే పోగులు ఒకదానిలోకి ఒకటి దిగి కొన్ని బిగువు, కొన్ని వదులు అవుతాయి. కాగితం పెట్టాను. అయినా 41వ పోగు వెళ్లవలసిన రంధ్రాన్ని వదిలి పక్క చీలికలోకి దూరింది. నాలుగు అంగుళాలు నేశాక గుడ్డ మీద ఒక నిలువు గీత కనిపించింది. అదంతా విప్పాను.

సొంత దారాన్ని పడుగుకు వాడదామని ముచ్చటపడ్డాను. ఒంటిపోగు దారం పలకలో రాసుకుని, నూగు లేచి, ఒకటి తర్వాత ఒకటి తెగింది. మిల్లు దారం పడుగు, నా దారం పేక. ప్రస్తుతానికి ఇదే ఒప్పందం. ఎగుడుదిగుడు పేకతో నేసిన బట్ట అందంగానే ఉంది, అంత లావు పోగులు మధ్య మధ్యలో కావాలని వేసినట్టు కనిపిస్తాయి. చూసినవాళ్లకు నిజం చెప్పడం లేదు.

అయిదో పూట: నీలిమందు

ఇదైతే పూటలో ఇమిడే పనే కాదు. తొట్టిలో రంగును నేర్పే ఆవిడ ముందు రాత్రే కలిపారు. మేము మూత తీసేసరికి పైన నీలి నురుగు, రాగి మెరుపున్న పలుచని తెట్టు, అడుగున పసుపుపచ్చని నీళ్లు. నీలిమందు మామూలు నీళ్లలో కరగదు. క్షారంతో పాటు ఆక్సిజన్‌ను లాగేసే పదార్థం కూడా కలిపితేనే కరిగే రూపానికి మారుతుంది. అందుకే దారాన్ని బుడగలు రాకుండా నెమ్మదిగా దించాలి, అంతే నెమ్మదిగా తీయాలి. బుడగతో గాలి లోపలికి పోతే తొట్టి నీరసిస్తుంది.

రెండు నిమిషాలు ముంచి తీశాను. చిలప లేత ఆకుపచ్చగా ఉంది. పైకెత్తి పట్టుకుని చూస్తుంటే గాలి తగిలిన వైపు నుంచి నీలం పాకుతూ వచ్చింది. ముడి వేసిన చోట్ల చివరిదాకా పచ్చగానే ఉండి, విప్పాక అవీ మారాయి. పావుగంట ఆరనిచ్చి మళ్లీ ముంచాలి. ఒకేసారి పది నిమిషాలు ముంచేకన్నా రెండేసి నిమిషాలు నాలుగుసార్లు మేలు. దీనికి పటిక అక్కర్లేదు. ఊలుకు క్షారం పడదు కాబట్టి చివర కాస్త వెనిగర్ కలిపిన నీళ్లలో జాడించాం.

వెళ్లేముందు ఆవిడను అడిగాను, వచ్చే తరగతికి తొట్టి కలిపేటప్పుడు నేనూ రావచ్చా అని. "ముందు రోజు సాయంత్రం రండి. బకెట్లు మోయాలి మరి. పాత బట్టలు వేసుకోండి, చేతి తొడుగులు మరచిపోకండి" అన్నారు. తొడుగులు మొన్న మరచిపోయాను. ఇది రాస్తున్న వేళ్ల గోళ్లు ఇంకా నీలంగానే ఉన్నాయి.