డాన్యూబ్ గట్టు వెంట సైకిల్ ప్రయాణం

మిర్యాలగూడ నుంచి మా అన్నయ్య, నేను వేసవిలో జర్మనీలోని పాసౌ వెళ్లి, అక్కడ అద్దెకు తీసుకున్న సైకిళ్లపై డాన్యూబ్ నది వెంట ఆస్ట్రియా రాజధాని వియన్నా చేరుకున్నాము. దూరం 300 కిలోమీటర్లు దాటినా, నది పారే దిక్కుకే దారి సాగడం వల్ల ఎత్తులు తక్కువ. పూర్వం పడవలను గుర్రాలతో ఎదురీతకు లాగించిన గట్టుబాటలే చాలాచోట్ల నేడు సైకిల్ దారులయ్యాయి. వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసే చోటు చూసి పెరిగిన మాకు, పాసౌలో ఇన్, ఇల్జ్ నదులు రెండూ ఒకేచోట డాన్యూబ్‌లో కలవడం మరింత వింతగా తోచింది. లింజ్ నగరంలో ఎక్కువసేపు ఆగలేదు.

అసలు అందమంతా మెల్క్, క్రెమ్స్ పట్టణాల మధ్యనున్న వాఖావు లోయలోనే ఉందని నా అభిప్రాయం. 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ లోయలో కొండవాలున మెట్లుమెట్లుగా ద్రాక్షతోటలు, దిగువన ఆప్రికాట్ చెట్లు కనిపిస్తాయి. క్రూసేడు అనే క్రైస్తవ మతయుద్ధం నుంచి తిరిగివస్తున్న ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ను 1192లో పట్టుకొని బంధించిన ద్యూర్న్‌స్టైన్ కోట శిథిలాల వరకు నడిచి ఎక్కాము. (దేవరకొండ కోట ఎక్కిన కాళ్లకు అది పెద్ద శ్రమ కాదు.) అన్నయ్యకు మాత్రం స్పిట్జ్ వద్ద నదికి అడ్డంగా కట్టిన తాడు ఆధారంగా, ఇంజను లేకుండా ప్రవాహపు ఒత్తిడితోనే ఆవలి గట్టుకు చేరే బల్లకట్టు అన్నిటికంటే నచ్చింది. సైకిళ్లను కూడా దానిపై ఎక్కించుకోవచ్చు కనుక, వెళ్లేవారు ఈ లోయలో రెండు గట్లనూ చూడాలి.