దోసె పెనం మీద స్కాట్లాండ్ అట్లు

ఆదివారం పొద్దున్నే పర్లాకిమిడిలో ఒకటే వాన. బజారుకు వెళ్లబుద్ధి కాక, ఇంట్లో ఉన్నవాటితోనే స్కాట్లాండ్ వాళ్ల బుల్లి పాన్‌కేక్‌లు పోశాను. డ్రాప్ స్కోన్‌లు అని కూడా అంటారు. వాటిని కాల్చే ఇనప పెనానికి అక్కడ పేరు గర్డిల్. మా గర్డిల్ అత్తయ్యగారి దోసె పెనమే.

కప్పు మైదా, చెంచాన్నర బేకింగ్ పౌడర్, రెండు పెద్ద చెంచాల పంచదార, చిటికెడు ఉప్పు, ఒక గుడ్డు, ముప్పావు కప్పు పాలు. పిండి దోసెలకన్నా చిక్కగా, గరిటె నుంచి బద్ధకంగా జారాలి. మరీ గిలక్కొట్టకూడదు, గట్టిపడతాయి.

మొదటి వాయి మాడింది. పెనాన్ని దోసెలకి కాచినట్టు కాచాను మరి! మంట తగ్గించి, వెన్న రాసి, గరిటెడు చొప్పున వేశాను. పైన బుడగలు లేచి, ఒకటీ రెండూ పగలగానే తిరగెయ్యాలి. ఆ చిల్లులు చూసి అత్తయ్య, "ఇవి పక్కింటివాళ్ల చితౌ పిఠాల్లా ఉన్నాయే" అన్నారు. చితౌ అంటే ఒడియావాళ్ల అట్టు; అది బియ్యప్పిండిది, తిరగెయ్యరు కూడా. కానీ మొహాలు మాత్రం నిజంగా ఒకటే.

1960లో ఎలిజబెత్ రాణి ఈ వంటకాన్ని అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి ఉత్తరంలో రాసి పంపింది. ఆవిడ కొలతలు 16 మందికి!

కాలినవి కాలినట్టు తువ్వాలులో చుట్టాను, మెత్తగా ఉన్నాయి. జామ్ లేదు, బెల్లం పాకం పోశాను. మామయ్య మూడు తిని, నాలుగోదానికి ఆవకాయ అడిగారు.